రెండు రోజుల కోత

పన్నెండయిందంటే హిస్కె వియర్దా షట్టర్ దించేస్తుంది. పన్నెండంటే పన్నెండే. టోకెన్ చేతిలో పట్టుకుని మెట్లెక్కి రొప్పుతూ వచ్చినవాడైనా సరే, రేపు రావలసిందే. వైద్య విద్యార్థుల్లో ఆమె పేరు చెబితే హడలిపోని వాళ్ళు లేరు. వెనకాల తనకి ఏవేవో పేర్లు పెట్టారని ఆవిడకీ తెలుసు, తెలిసీ పట్టించుకోలేదు. ఇరవై రెండేళ్ళుగా పరీక్షల విభాగం కౌంటర్లో కూర్చున్న మనిషి. ఒకరికి మినహాయింపు ఇస్తే ఇంకొకరికి అన్యాయం చేసినట్టేనని గట్టిగా నమ్మిన మనిషి.

ఆరేళ్ళ చదువును మూడూ మూడుగా విరగ్గొట్టాక ఆ పట్టుదల మరీ ముదిరింది. అంతకుముందు ఒక పరీక్ష మిగిలిపోయినా పిల్లలు వార్డుల్లోకి వెళ్ళిపోయేవాళ్ళు, ఏ శనివారమో వచ్చి రాసేసి పోయేవాళ్ళు. ఇప్పుడు ఆ పప్పులుడకవు. ముందు బ్యాచిలర్, తర్వాతే మాస్టర్. ఆగస్టు ముప్పై ఒకటి దాటేలోపు ఒక్క పేపరు మిగిలినా వార్డు గడప తొక్కనివ్వరు, ఆ చోటు ఎదురుచూసేవాళ్ళలో మొదటివాడికి పోతుంది. వట్టి బ్యాచిలర్ పట్టాతో ఏ రోగి చెయ్యీ పట్టుకోవడానికి లేదు. పిల్లలు ఈ ఏర్పాటుని 'కోత' అంటారు. ఆ మాట హిస్కెకి నచ్చదు, కానీ వాళ్ళ నోళ్ళు ఎవరు మూయిస్తారు?

సెప్టెంబరు తొమ్మిది, సోమవారం. పదకొండున్నరకి యాభై మూడో నంబరు పిలిస్తే ఒక పొడుగాటి అమ్మాయి వచ్చి నిలబడింది. మిగతా పిల్లలకన్నా నాలుగైదేళ్ళు పెద్దదానిలా ఉంది. చేతులు ఎర్రగా, సబ్బునీళ్ళలో నానీ నానీ ముడతలు పడ్డ చేతులు.

"పేరు తీసేయించుకోవాలి మేడమ్. దానికేదో ఫారం ఉందటగా."

"ఏ సంవత్సరం?"

"మూడు అయిపోయింది. అంటే, అయిపోయినట్టే. యోరీన్ పోస్తమా."

హిస్కె పేరు కొట్టింది. తెర మీద అన్నీ పాసే. ఆఖరిది మందుల పేపరు, రెండోసారి రాసి పదికి ఏడు తెచ్చుకుంది. పాసైన తేదీ సెప్టెంబరు రెండు.

"రెండు రోజులు మేడమ్," అంది యోరీన్. గొంతులో ఏడుపు లేదు, అలసట ఉంది. "మూడేళ్ళకి రెండు రోజులు. జూన్‌లో తప్పాను, అది నా తప్పే. డైక్ కట్ట పక్కన వృద్ధాశ్రమంలో పని చేస్తున్నాను, మొదట్నుంచీ శని ఆదివారాలు. పూర్తిగా వచ్చేయమంటున్నారు, పర్మనెంటు ఉద్యోగం. శుక్రవారం లోపల చెప్పాలి. ఇరవై ఆరొచ్చాయి నాకు. ప్రవేశాల లాటరీలో రెండుసార్లు నా పేరు రాలేదు, మూడోసారి వచ్చింది. ఇప్పుడు మళ్ళీ ఏడాది ఆగి లైన్లో నిలబడే ఓపిక నాకు లేదు."

అందరికీ ఒకటే నియమం అమ్మా, అని చెప్పడానికి హిస్కె నోరు తెరిచింది. ఆ మాట ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. కానీ కళ్ళు తెర మీదే ఉండిపోయాయి. రెండో తారీఖు సోమవారం. సోమవారం మందుల పరీక్ష ఎక్కడ జరిగింది? జరిగింది ముప్పయ్యో తేదీ శుక్రవారం కదా. ప్రొఫెసర్లు శని ఆదివారాలు కూర్చుని దిద్దారు, నలభై ఒక్క పేర్ల మార్కులు సోమవారం పొద్దున్నే తన బల్ల మీదికొచ్చాయి. మార్కు ఎక్కించగానే కంప్యూటర్ తనంతట తనే ఆ రోజు తేదీ వేస్తుంది. దాన్ని చెరిపి పరీక్ష రాసిన తేదీ కొట్టాలి, ఎందుకంటే ఏ రోజు రాస్తే ఆ రోజే పాసైనట్టు లెక్క. పిల్లలకి ఆ సంగతి తెలీదు, ఉత్తరంలో ఉన్న తేదీనే నమ్ముతారు. ఆ పని హిస్కెకి వెన్నతో పెట్టిన విద్య. పేరు కింద చెక్క స్కేలు పెట్టడం, మార్కు కొట్టడం, తేదీ మార్చడం, పెన్సిల్‌తో టిక్కు పెట్టడం. తర్వాత స్కేలు కిందికి జరపడం.

"ఎక్కడ రాశావమ్మా పరీక్ష?" అంది.

"చిన్న గదిలో. నాకు అక్షరాలు తారుమారవుతాయి మేడమ్, అరగంట ఎక్కువిస్తారు. నేనొక్కదాన్నే ఉన్నాను ఆ రోజు."

వేరే గది అంటే వేరే కాగితం. పసుపు కాగితం, ఒకే ఒక్క పేరు. ఆ కాగితానికి తేదీ మార్చినట్టు హిస్కెకి గుర్తు రాలేదు.

"ఫారానికి సంతకాలు కావాలి," అంది. "శుక్రవారం పొద్దున్న రా."

యోరీన్ తలూపి వెళ్ళిపోయింది. పన్నెండింటికి ఇంకా ఇరవై నిమిషాలుంది. హిస్కె యాభై నాలుగో నంబరు పిలిచింది.

మధ్యాహ్నం ఫైళ్ళ గదిలోకెళ్ళి పసుపు కాగితం తీసింది. పోస్తమా, ఏడు, ఆగస్టు ముప్పై, ప్రొఫెసర్ సంతకం. టిక్కు లేదు. మూలన నూనె మరక, నాణెమంత. అది చూశాక ఇంకేమీ అడగక్కర్లేకపోయింది. రెండో తారీఖు తన పక్క బల్ల మార్లూస్ పుట్టినరోజు. పదింటికి ఆ పిల్ల క్రీము కేక్ తెచ్చింది. ఆనవాయితీ ప్రకారం అందరూ గుండ్రంగా కుర్చీలేసుకుని ఆ పిల్లకీ ఒకళ్ళకొకళ్ళకీ శుభాకాంక్షలు చెప్పుకుని కాఫీ తాగారు. అప్పటికి నలభై పేర్లు అయిపోయాయి, పసుపు కాగితం ఒక్కటే మిగిలింది. తిరిగొచ్చి కూర్చుని, ఒక్క పేరే కదా అని స్కేలు పెట్టలేదు. ఏడు కొట్టింది, మీట నొక్కేసింది. ఆ సాయంత్రమే కంప్యూటర్ చోటు పోయినవాళ్ళ జాబితా తీసింది, మర్నాడు ఉత్తరాలు వెళ్ళిపోయాయి.

ఇంటికెళ్ళి బఠాణీ సూపు వేడి చేసుకుని గిన్నె ముందు కూర్చుంది. ఒక్క చెంచా మింగుడు పడలేదు. తప్పు చేసినందుకు కాదు, తప్పు ఎవరైనా చేస్తారు. ఆ పిల్ల ఎదురుగా నిలబడి, నా తప్పే అంటుంటే, నోరు మూసుకుని ఊరుకున్నందుకు.

మంగళవారం మధ్యాహ్నం పరీక్షల సంఘం అధ్యక్షుడు ప్రొఫెసర్ రైట్‌స్మా గదికి వెళ్ళింది. ఆయన శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే మనిషి, వేళ్ళు ఎప్పుడూ బొమ్మ గీస్తున్నట్టు కదులుతుంటాయి. రొట్టె, మజ్జిగ గ్లాసు ముందు పెట్టుకుని తింటున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆ సంఘం సమావేశాల్లో మూల కుర్చీలో కూర్చుని హిస్కే అన్నీ రాసుకుంటుంది. వాళ్ళ మధ్య దాపరికాలు లేవు.

అంతా విని ఆయన రొట్టె పక్కన పెట్టాడు.

"ఆ అమ్మాయి అభ్యంతరం పెట్టిందా?"

"లేదు. తన తప్పే అనుకుంటోంది."

"చూడు హిస్కే. ఆ చోటు తైమన్ అనే కుర్రాడికిచ్చాం. నిన్న పొద్దున్నే తెల్లకోటు తొడుక్కున్నాడు. వాళ్ళమ్మ గుమ్మం ముందు ఫొటో కూడా తీసుకుంది, నేను చూశాను. ఇప్పుడు వాడి ఒంటి మీద కోటు విప్పమంటావా? వార్డు జట్టుకి ఎనిమిది మంది, తొమ్మిది ఎప్పుడూ లేదు. అమ్మాయి అడిగితే చూద్దాం. అడగలేదు కదా."

"అడగదు. తెలిస్తేగా అడగడానికి. శుక్రవారం పేరు తీసేయించుకుంటోంది, చదువే మానేస్తోంది."

"అది ఆమె నిర్ణయం," అన్నాడాయన. చెడ్డవాడు కాదు, ఆ మాట అన్నందుకు తనే ఇబ్బంది పడి గ్లాసు అటూ ఇటూ జరిపాడు. "డిసెంబర్లో నువ్వు రిటైరవుతున్నావు. ఇరవై రెండేళ్ళలో నీ మీద ఒక్క మాట రాలేదు. వెళ్ళేటప్పుడు ఇది నెత్తి మీదకి తెచ్చుకోవడం అవసరమా?"

"సరే," అంది హిస్కె. అన్నాక మెట్లు దిగుతూ, ఎందుకన్నానా అనుకుంది.

బుధవారమంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మార్లూస్ రెండుసార్లు కాఫీ తెచ్చిపెట్టింది, రెండూ చల్లారిపోయాయి. "ఒంట్లో బాలేదా?" అని అడిగితే, "నీ కేకు అరగలేదింకా," అంది. ఆ పిల్ల నవ్వింది, తను నవ్వలేదు.

గురువారం షట్టర్ దించగానే ఫైలు సంచిలో పెట్టుకుని సైకిలెక్కింది. డైక్ దాకా ఎనిమిది కిలోమీటర్లు, గాలి ఎదురు. యాభై తొమ్మిదేళ్ళ మోకాళ్ళు సగం దారిలోనే మొరాయించాయి. ఒకచోట దిగి, సంచి కడుపుకి అదుముకుని నడిచింది, మళ్ళీ ఎక్కింది. వెనక్కి తిరగాలని రెండుసార్లు అనిపించింది. వెనక్కి తిరిగితే గాలి వీపు మీద ఉంటుంది, హాయిగా ఇల్లు చేరొచ్చు.

వృద్ధాశ్రమంలో యోరీన్ కిటికీ దగ్గర ఒక ముసలాయనకి గడ్డం గీస్తోంది. హిస్కెని చూసి కనుబొమలెత్తింది, కానీ చెయ్యి ఆపలేదు.

"శుక్రవారం కదా అన్నారు? కొంచెం ఆగండి, హార్కెమా తాతకి సగం మొహమే అయింది. ఈ గిన్నె పట్టుకుంటారా?"

హిస్కె గిన్నె పట్టుకుంది. యోరీన్ రెండు వేళ్ళతో చర్మం సాగదీసి, కత్తిని పైనుంచి కిందికి లాగి, నీళ్ళలో ముంచి, మళ్ళీ సాగదీస్తోంది. తాత కళ్ళు మూసుకుని ఏదో గొణిగాడు.

"ఏంటి తాతా, ఇవాళ పెళ్ళిచూపులా? అంత కులుకుతున్నావ్."

"నీకంటే అందగత్తె దొరకాలి కదే ముందు."

దవడ కింద ఒకచోట యోరీన్ వేళ్ళు ఆగాయి. కత్తి పక్కన పెట్టి, రెండో వైపు కూడా తడిమి, మళ్ళీ మొదటి చోటికి వచ్చి మెల్లగా నొక్కింది. "ఈ గడ్డ పోయిన వారం లేదు తాతా. నొప్పిగా ఉందా? మింగుతుంటే అడ్డంగా?" అంది. తర్వాత ఏప్రన్ జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో గీసింది. హిస్కె తొంగి చూసింది. అక్షరాలు లేవు. ఒక మెడ బొమ్మ, చుక్క, చుక్క పక్కన కొలత. అంతకుముందు పేజీలన్నీ బొమ్మలే. కాళ్ళు, వీపులు, పుళ్ళు, ఎక్కడెక్కడ ఎంతెంతో.

"డాక్టరు రేపొస్తారు, చూపిస్తాను," అని పుస్తకం జేబులో పెట్టేసుకుని మిగతా గడ్డం గీసింది. తువ్వాలుతో మొహం తుడిచి, చెవుల వెనక కూడా తుడిచాక గిన్నె తీసుకుంది.

"తెచ్చారా ఫారం?"

వంటగది పక్కన, ప్లేట్ల బండి దగ్గర హిస్కె పసుపు కాగితం తీసి చేతికిచ్చింది. మొదట్లోంచి చెప్పింది. స్కేలు సంగతి, కేకు సంగతి, కంప్యూటర్ వేసే తేదీ. ఏదీ తగ్గించి చెప్పలేదు. "నువ్వు ముప్పయ్యో తేదీనే పాసయ్యావు. కోత నీకు వర్తించదు. తప్పు నాది."

యోరీన్ కాగితం మీది పేరు మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరమే పట్టుకుంటున్నట్టు చదివింది. తర్వాత తేదీ చదివింది. తలెత్తింది.

"సోమవారం నేను మీ ఎదురుగా నిలబడ్డప్పుడు మీకు తెలుసా?"

"తెలిసింది. అప్పుడే తెలిసింది."

"తెలిసీ పంపించేశారు."

"పంపించేశాను."

"నాలుగు రోజులు మేడమ్!" అరిచింది యోరీన్. లోపల ఎవరో ప్లేటు కింద పడేశారు. "నాలుగు రోజులు నేను నన్నే తిట్టుకున్నాను. చదవడం రాని మొద్దువి, నీకెందుకే ఈ చదువని. మా నాన్నతో ఫోన్లో కూడా అదే అన్నాను. ఆయన ఏమీ అనలేక ఫోను పెట్టేశాడు. మీరు ఆ కౌంటర్ వెనకాల కూర్చుని ఏం చేశారు? కాఫీ తాగారా?"

హిస్కె క్షమించమని అడుగుదామనుకుంది, అడిగితే ఆ పిల్ల మీద ఇంకో బరువు మోపినట్టవుతుందని ఊరుకుంది. యోరీన్ ప్లేట్ల బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది. హాల్లో ఒక్కొక్కరి ముందూ కప్పు పెట్టడం, చక్కెర అడగడం వినిపించింది. గొంతు మామూలుగానే ఉంది. పావుగంటకి ఖాళీ బండితో తిరిగొచ్చింది.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"అభ్యంతరం పెట్టాలి. దాని ఫారం తెచ్చాను. రేపు పన్నెండు లోపల కౌంటర్లో ఇవ్వాలి, మధ్యాహ్నం సంఘం కూర్చుంటుంది. నువ్వు అడగకపోతే వాళ్ళంతట వాళ్ళు తియ్యరు."

"నా చోటులో ఎవరున్నారు?"

"ఒక అబ్బాయి. వార్డులోకి వెళ్ళిపోయాడు."

యోరీన్ ఏప్రన్ అంచుతో చేతులు తుడుచుకుంది, తడి లేకపోయినా. "వాణ్ణి తీసేస్తారా?"

"తెలీదమ్మా."

"లాటరీలో నా పేరు రానప్పుడు ఎవరో ఒకరి పేరు వచ్చింది. నాకోసం వాళ్ళనెవరూ లేపలేదు," అంది. అని, వెంటనే, "వాడేం చేశాడు పాపం," అని కుర్చీలో కూలబడింది. "తియ్యండి ఆ ఫారం. నేను రాస్తే తెల్లారుతుంది. మీరే రాయండి, నేను చెప్తాను."

బల్ల మీద కాగితం పరిచి, సంచిలోంచి స్కేలు తీసి మొదటి గీత కింద పెట్టింది హిస్కె. పేరు. నంబరు. ఏ నిర్ణయం మీద అభ్యంతరం. యోరీన్ చెప్పింది చెప్పినట్టు రాసింది. తర్వాతి గడి, నిర్ణయానికి బాధ్యులు ఎవరు. ఆ గడిలో అందరూ 'పరీక్షల సంఘం' అని రాస్తారు. ఇన్నేళ్ళలో వచ్చిన ప్రతి ఫారంలోనూ అదే ఉంది. హిస్కె స్కేలు జరిపి, గుండ్రటి అక్షరాలతో 'హిస్కె వియర్దా, పరీక్షల విభాగం' అని రాసింది. కింద, 'తప్పు తెలిసిన తేదీ: సెప్టెంబరు 9. విద్యార్థికి చెప్పిన తేదీ: సెప్టెంబరు 12' అని తనే కలిపింది.

యోరీన్ వేలు పెట్టి ఆ గీతలు కూడా చదివింది. సంతకం చేసింది.

శుక్రవారం హిస్కె సెలవు పెట్టింది. పదకొండింటికి యోరీన్‌తో కలిసి మెట్లెక్కి, మెషీన్‌లోంచి టోకెన్ లాగింది. అరవై ఎనిమిది. కిటికీ పక్క బెంచీ మీద కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆ బెంచీ మీద ఎప్పుడూ కూర్చోలేదు. కూర్చుంటే కౌంటర్ మరీ ఎత్తుగా కనిపిస్తుందని, లోపలి మనిషి తల తప్ప ఏమీ కనబడదని ఆ రోజే తెలిసింది. చుట్టూ పిల్లలు ఆవిణ్ణి చూసి గుసగుసలు మానేశారు. పదకొండు నలభై అయింది, యాభైయయింది. యోరీన్ గడియారం చూడటం మానేసి షట్టర్ వంక చూస్తోంది.

"మీరైతే దించేవాళ్ళు. లోపలున్నావిడ దించుతుందా?"

"దించాలి," అంది హిస్కె. "నేనే నేర్పించాను."

అరవై ఎనిమిది పిలిచేసరికి పన్నెండుకి మూడు నిమిషాలుంది. మార్లూస్ ఫారం తీసుకుని గడిలోని పేరు చదివి, హిస్కె మొహంలోకి చూసింది.

"ఇది మీరే రాశారా? ఆలోచించుకున్నారా హిస్కె గారూ?"

"ముద్ర వెయ్యి మార్లూస్. తేదీ సరిగ్గా ఉందో లేదో చూసి వెయ్యి."

ముద్ర పడింది. షట్టర్ వాళ్ళ వెనకాల దిగింది.

సంఘం రెండింటికి కూర్చుంది. వరండాలో ఎదురుచూస్తూ యోరీన్ ఫోను తీసి వృద్ధాశ్రమానికి చేసింది. "పర్మనెంటు వద్దండీ. శని ఆదివారాలు వస్తాను, మామూలుగానే. హార్కెమా తాతని డాక్టరు చూశారా?" అని, విని, ఫోను పెట్టేసింది.

"ఇంకా ఏమీ తేలలేదు కదమ్మా," అంది హిస్కె కంగారుగా.

"తేలలేదు. తేలకముందే ఒకసారి మానేశాను. ఈసారి మానను."

తలుపు తెరుచుకుంది. "వియర్దా గారూ, మీరు రండి," అన్నాడు రైట్‌స్మా. ఇరవై ఏళ్ళలో ఆయన తనని గారూ అనడం అదే మొదలు. మూల కుర్చీలో కాగితం, కలం పట్టుకుని మార్లూస్ కూర్చుంది. హిస్కె ఎదురు కుర్చీలో కూర్చుంది, పిల్లలు కూర్చునే కుర్చీలో. దాని ఎడమ కాలు పొట్టి. బాగు చేయించమని తనే ఎన్నిసార్లో రాసింది.

"సరైన తేదీ ఏది?"

"ఆగస్టు ముప్పై."

"తప్పు వేసింది ఎవరు?"

"నేను. తెలిశాక నాలుగు రోజులు దాచింది కూడా నేనే."

మంగళవారం సంగతి ఆవిడ ఎత్తలేదు. ఎత్తుతుందేమోనని ఆయన కాసేపు చూశాడు, తర్వాత కళ్ళు దించుకున్నాడు. "అయితే ఆ అమ్మాయికి ముప్పయ్యో తేదీ నుంచే బ్యాచిలర్ ఉంది. ఆ మాట రాసుకో," అన్నాడు మార్లూస్‌తో. "చోటు సంగతే చిక్కు. ఆ కుర్రాణ్ణి కదిలించలేం. జట్టుకి ఎనిమిదే అని నియమం. ఎక్కడుందది? ఏ సంవత్సరంది?"

సంఘంలో నలుగురూ కాగితాలు తిరగేశారు. ఎవరికీ దొరకలేదు.

"నియమం కాదండీ," అంది హిస్కె. "చదువుని రెండు ముక్కలు చేసిన మొదటి ఏడాది మూడో అంతస్తులో లాకర్లు ఎనిమిదే ఉన్నాయి. అందుకని జట్టుకి ఎనిమిది అని నేనే టైపు చేశాను. ఏటా అదే కాగితం నకలు తీస్తున్నాం. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు."

రైట్‌స్మా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఎంతమంది పిల్లలు తొమ్మిదోవాళ్ళయి ఆగిపోయారో," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. హిస్కె దగ్గర ఆ జాబితా ఉంది. ఆ ఎనిమిది ఎక్కడిదో తట్టాక, ముందు రాత్రంతా ఇంట్లో గుర్తు చేసుకుంటూ రాసింది. పద్నాలుగు పేర్లు. సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

ఆ జట్టుని తొమ్మిది చేశారు. డిసెంబరు దాకా హిస్కెని మార్కులు ఎక్కించే పని నుంచి తప్పించారు. కౌంటర్ తెరవడం, ముయ్యడం మాత్రం ఉంచారు.

సోమవారం పొద్దున్న ఏడుంపావుకి ఆవిడ లోపల ఫైళ్ళు సర్దుకుంటోంది. తొమ్మిదింటికి గానీ తెరవరు. షట్టర్ మీద ఎవరో కొట్టారు, మళ్ళీ కొట్టారు. హిస్కె వెళ్ళి పైకెత్తింది. యోరీన్ నిలబడి ఉంది, తెల్లకోటు తొడుక్కుని, చేతులు కొంచెం పొట్టయ్యాయి దానికి. జేబులో ఆ బొమ్మల పుస్తకం ఉబ్బెత్తుగా కనిపిస్తోంది. చేతిలో రెయిన్‌కోటు, తడి కారుతోంది.

"లాకర్ లేదు," అంది. మొహంలో నవ్వు లేదు. "ఎనిమిదే ఉన్నాయి."

హిస్కె చెయ్యి చాపింది. యోరీన్ రెయిన్‌కోటు కౌంటర్ మీదుగా అందించింది.

"నాలుగింటికి వస్తాను. ఉంటారా?"

"ఉంటాను."

యోరీన్ మెట్ల వైపు పరిగెత్తింది. హిస్కె కొక్కేనికున్న తన కోటు తీసి కుర్చీ మీద వేసి, ఆ కొక్కేనికి తడి రెయిన్‌కోటు తగిలించింది. తర్వాత వచ్చి కౌంటర్లో కూర్చుంది. షట్టర్ మళ్ళీ దించలేదు.